కరిచిన కుక్క పది రోజులు బతకాలి

ఎనభైల మొదట్లో, నాకు ఇరవై రెండేళ్ళ వయసులో, జూలూరుపాడు అవతల అడవి అంచున ఉన్న ఒక ఊరికి నర్సుగా వేశారు. నర్సంటే తెల్లచీర కట్టుకుని మంచాల మధ్య తిరిగే నర్సు కాదు. ఉపకేంద్రం నర్సు. పెంకుటింట్లో కిరాయికి తీసుకున్న ఒక గది, అందులో ఒక బల్ల, ఒక చెక్క బీరువా, సూదులు ఉడకబెట్టుకోవడానికి కిరసనాయిలు స్టవ్వు. ఆ గదిలో కూర్చునేది తక్కువ, తిరిగేది ఎక్కువ. ఆ ఊరు కాక, అడవిలోకి పోయే కొద్దీ ఐదు కోయ గూడేలు నా కింద ఉండేవి. కడుపుతో ఉన్నవాళ్ళకు ధనుర్వాతం సూదులు, పిల్లలకు టీకాలు, జ్వరాలకు మాత్రలు, పిలిస్తే పురుళ్ళు. భుజానికి సంచి, చేతిలో గొడుగు, కాళ్ళకు రబ్బరు చెప్పులు వేసుకుని పొద్దున్నే బయలుదేరేదాన్ని.

మాది వైరా దగ్గర కాలవ కింద వరి పండే ఊరు. మా ఇంట్లోనూ ఒక కుక్క ఉండేది. అన్నం వేళకు వచ్చి, పెట్టింది తిని, అరుగు కింద పడుకునేది. ఎవరైనా వస్తే ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకునేది. కుక్కంటే అంతే అనుకుంటూ పెరిగాను. గూడేల్లో కుక్కలకు పని ఉంటుందని, అవి ఆ పని మీదే ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన ఆరు నెలల్లో అవి నన్ను చూసి అరిచేవి, నేను గొడుగు ఆడించేదాన్ని, ఎవరో ఒకరు ఇంట్లోంచి వచ్చి అదిలించేవాళ్ళు. అలా నడిచిపోయింది.

ఐదు గూడేల్లో చివరిది మూడు మైళ్ళ దూరం. పదిహేను ఇళ్ళు ఉండేవి. అన్నిటికీ ఎడంగా, వాగు వైపు ఒక ఇల్లు, దాని వెనక మేకల దొడ్డి. ఆ ఇంటి కోడలు ఏడో నెల గర్భిణి. మొదటి సూది నేనే వేశాను. ఆమె వారం సంతకు వచ్చినప్పుడు ఉపకేంద్రంలోనే వేయించుకుంది. రెండోది వేయాల్సిన రోజు దాటిపోతుంటే నేనే బయలుదేరాను. చలి తగ్గి ఎండ మొదలవుతున్న రోజులు. ఇప్పపూలు ఇంకా రాలడం లేదు. బండ్ల బాట చుట్టూ తిరిగి పోతుందని, వాగు వెంబడి అడ్డదారిన పోయి, మేకల దొడ్డి వెనక తేలాను.

కుక్క అరవలేదు. నాకు గుర్తున్నది అదే. తేనెరంగు కుక్క, పెద్ద ఎత్తేమీ కాదు, ఒక చెవి నిలువునా చీలి ఉంది. దొడ్డి కంచె పక్క నుంచి లేచి, తల కిందికి వంచి, నేరుగా నా మీదికి వచ్చింది. నేను చేయకూడనివన్నీ చేశాను. కేక పెట్టాను. గొడుగు పైకెత్తాను. అది ఇంకో అడుగు ముందుకు వేసేసరికి వెనక్కి తిరిగి పరుగెత్తాను. నాలుగు అంగలు వేశానో లేదో, ఒక చెప్పు తెగి బోర్లా పడ్డాను. ఎడమ కాలి పిక్క పట్టుకుంది. నొప్పి వెంటనే తెలియలేదు. కాలిని ఎవరో గట్టిగా గుంజుతున్నట్టు మాత్రం ఉంది.

ఇంటి ముసలాయన కోయలో ఏదో అరుస్తూ వచ్చాడు. ఒక్క మాటే, రెండుసార్లు. కుక్క వదిలేసి, ఏమీ జరగనట్టు పోయి దొడ్డి దగ్గర పడుకుంది.

నన్ను లేపి ఇంటి ముందు నులక మంచం మీద కూర్చోబెట్టారు. కోడలు నిండు పొట్టతోనే బిందె తెచ్చింది. పక్కింటామె ఎవరో సున్నం, పసుపు కలిపి తెస్తుంటే వద్దన్నాను. సంచిలో చేతులు కడుక్కునే సబ్బు ఉంది. కరిచిన చోట సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో చాలాసేపు కడగాలని శిక్షణలో చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న ముక్క. కోడలు నీళ్ళు పోస్తుంటే రుద్దుకున్నాను. నాలుగు పంటి గాట్లు, ఒకటి లోతుగా ఉంది. రెండు బిందెలు అయిపోయాయి. అప్పటికి ఏడుపు వచ్చింది. ఆమెకు సూది వేయాలని సిరంజి తీశాను కానీ నా చేతులు వణుకుతుంటే ఆమే అన్నది.

"ఇయ్యాల వద్దు అక్కా. మల్ల వద్దువు గాని."

ముసలాయన బండి కట్టి నన్ను ఊళ్ళో దించాడు.

నేను కిరాయికి ఉన్న ఇంటి యజమాని కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని మిరప వేసిన రైతు. నేను బాబాయ్ గారు అని పిలిచేదాన్ని. కాలు చూసి ఆయన మొహం ఎర్రబడింది.

"రేప్పొద్దున మనుషుల్ని పంపి ఆ కుక్కని కొట్టి పారేయిస్తాను. నువ్వు దిగులు పడకమ్మాయ్."

నిజం చెప్పాలంటే ఆ మాట వినడానికి నాకు హాయిగానే ఉంది. ఎవరో నా తరఫున కోపం తెచ్చుకున్నారు. నేను సరేననలేదు, వద్దనీ అనలేదు.

మర్నాడు మొదటి బస్సుకు కొత్తగూడెం పోయి పెద్ద దవాఖానలో చూపించుకున్నాను. నడివయసు డాక్టరు గారు, కాలు చూడకముందే కుక్క గురించి అడిగారు.

"ఎవరిది? పెంచుకునేదా, ఊరకుక్కా?"

"పెంచుకునేదే సార్. గూడెంలో."

"బతికుందా?"

ఆ ప్రశ్నకు నేను ఆలోచించాల్సి వచ్చింది. నిన్న బతికుంది. ఇవాళ పొద్దున మనుషులు పోయి ఉంటారు.

"దాన్ని చంపనివ్వకు," అన్నారాయన, చీటీ రాస్తూనే. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. ఇవాళ మొదలుపెడదాం. కుక్క పది రోజులు తిండి తిని, నీళ్ళు తాగి మామూలుగా ఉందనుకో, దానికి పిచ్చి లేనట్టే. పదో సూదితో ఆపేస్తాను. ఈలోపు అది చచ్చినా, చంపినా, కనబడకుండా పోయినా పద్నాలుగూ పడాల్సిందే. అర్థమైందా? ఆ కుక్క పది రోజులు బతకాలి."

నేను ఎందరికో సూదులు వేశాను. "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటది" అని వందసార్లు చెప్పి ఉంటాను. ఆ రోజు బల్ల మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చీర తప్పించి, పైన తిరుగుతున్న ఫంకా చూస్తూ ఉంటే, ఆ మందు చిక్కగా, నెమ్మదిగా చర్మం కిందికి దిగుతుంటే, చీమ మాట ఇంకెప్పుడూ అనకూడదనుకున్నాను. తర్వాత అననూ లేదు.

తిరుగు బస్సులో నాకు కాలు నొప్పీ లేదు, పొట్ట నొప్పీ లేదు. కుక్క గురించే ఆలోచన. నిన్న సాయంత్రం అది చావాలనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం అది బతికుండాలని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను. దిగగానే కుంటుకుంటూ ఇంటికి పోయాను. బాబాయ్ గారు కల్లంలో ఎండుమిరప తిరగేయిస్తున్నారు.

"మనుషుల్ని పంపారా?"

"లేదమ్మాయ్, ఇవాళ కోతకే మనుషులు చాల్లేదు. రేపు తప్పకుండా..."

"వద్దు బాబాయ్ గారూ. ఆ కుక్క చావకూడదు."

ఆయన తలపాగా తీసి నా వైపు చూశారు. "నిన్ను కరిచిన కుక్క తరఫున నువ్వు మాట్లాడ్డమేంటమ్మాయ్?"

డాక్టరు గారు చెప్పింది చెప్పాను. ఆయన అంతా విని, "అయితే దానికి పాలన్నం పెట్టమందామా?" అన్నారు. నవ్వులాటకు కాదు, నిజంగానే అడిగారు. ఆ తర్వాత పది రోజులూ, పొద్దున వేపపుల్ల నములుతూ నా గది ముందు నిలబడి, నా కాలు ఎలా ఉందని ముందు అడగలేదు. "నీ కుక్క ఎలా ఉందమ్మాయ్?" అనే అడిగేవారు.

గూడేనికి కబురు ఎవరితో పంపాలా అని చూస్తుంటే, పొద్దు వాలే వేళకు ముసలాయనే వచ్చాడు. చేతిలో తాడు, తాడు చివర ఆ కుక్క. నేను గుమ్మంలోంచి లోపలికి వెళ్ళి తలుపు సగం మూశాను. ఆయన అరుగు కింద నిలబడి, నన్ను కాకుండా గోడను చూస్తూ మాట్లాడాడు.

"కొట్టి సంపనీకి మనుషులు వస్తున్నరని సంతల విన్న. మీ మనుషులు గూడెం దాంక వచ్చుడు ఎందుకని నేనే తోలుకొచ్చిన. ఇంటి కాడ పిల్లలున్నరు. వాళ్ళ ముందల కొట్టొద్దు."

తాడు చివర అరుగు స్తంభానికి కట్టి, పోవడానికి తిరిగాడు.

"తాతా, ఆగు," అన్నాను. "చంపొద్దు. అది బతకాలె. పది రోజులు బతికి ఉంటే నాకు సూదులు తగ్గుతయ్."

"బతుకాల్నా?"

"అవ్. తిండి తింటున్నదా, నీళ్ళు తాగుతున్నదా, నోట్ల చొంగ కారుతున్నదా, అవన్నీ చూడాలె. ఇంట్లనే కట్టేసి ఉంచు. రోజూ నాకు కబురు చెప్పు."

ఆయన కింద గొంతుకూర్చుని, కుక్క వీపు మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. ఆయన దాన్ని నాకు అప్పజెప్పడానికి మూడు మైళ్ళు నడిపించుకు వచ్చాడని నాకప్పుడు పూర్తిగా తెలిసింది. కుక్కకేమో ఏమీ తెలియదు. మా అరుగు కింద వాసన చూస్తోంది.

"కబురు కాదు బిడ్డా," అన్నాడు లేస్తూ. "నేనే తోలుకొస్త. నీ కండ్లతోని నువ్వే చూసుకో."

అన్నట్టే రోజూ వచ్చాడు. నేను పొద్దున బస్సెక్కి జూలూరుపాడు దవాఖానకు పోయేదాన్ని. మందును కొత్తగూడెం నుంచి ఐసు వేసిన ప్లాస్కులో అక్కడికి పంపించారు. అక్కడి కాంపౌండరు గారు "నిన్న కుడి పక్క, ఇయ్యాల ఎడమ పక్క" అని పైకే చెప్పుకుంటూ, వాచిన చోటు తప్పించి సూది వేసేవారు. నాలుగు రోజులకు బొడ్డు చుట్టూ గట్టి గడ్డలు కట్టాయి. బోర్లా పడుకోవడానికి లేదు, చీర కుచ్చిళ్ళు దోపుకుంటే ఒత్తుకునేది. మధ్యాహ్నానికి తిరిగి వచ్చి, బడి వదిలే వేళ నుంచి బాట వైపు చూసేదాన్ని. ముందు ముసలాయన తలగుడ్డ కనబడేది, తర్వాత కుక్క. స్తంభానికి కట్టి, నేను ఆకులో పెట్టిన అన్నం దాని ముందు పెట్టేవాడు. అది తినేది. చిప్పలో నీళ్ళు పోస్తే లప లప తాగేది. నేను కిటికీ ఊచల్లోంచి అంతా చూసి "మంచిది" అనేదాన్ని. ఆయన తాడు విప్పుకుని వెళ్ళిపోయేవాడు.

నాలుగో రోజున, తాడు విప్పకుండా అరుగు అంచున కూర్చున్నాడు.

"కిటికీలకెల్లి ఎన్ని రోజులు చూస్తవ్ బిడ్డా? బయటికి రా."

"భయం తాతా."

"అది కట్టేసి ఉన్నది. నువ్వు గుమ్మంలనే నిలబడు."

నిలబడ్డాను. కుక్క లేచి గుర్రుమంది. నేను అడుగు వెనక్కి వేశాను.

"దాని కండ్లల్లకు చూస్తున్నవ్. చూడకు. దాని కాళ్ళ ముందల మన్ను చూడు. పక్కకు తిరుగు, నీ భుజం దానికి కనబడాలె, నీ రొమ్ము కాదు. గట్ల. ఇగ ఉండు."

ఉన్నాను. మన్ను చూస్తూ ఉన్నాను. గుర్రు కాసేపటికి ఆగింది. కుక్క రెండుసార్లు చుట్టూ తిరిగి కూర్చుంది.

"ఆ రోజు నన్నెందుకు కరిచింది తాతా?" అని అడిగాను.

"నువ్వు దొడ్డి వెనకకెల్లి వచ్చినవ్. అంతకుముందు నెల గట్లనే వెనకకెల్లి చిరుత వచ్చింది. రెండు మేకపిల్లల్ని ఎత్తుకపోయింది. దీని చెవి గప్పుడే చినిగింది. నువ్వు గొడుగు ఎత్తినవ్, కొడుతున్నవనుకున్నది. తర్వాత ఉరికినవ్. ఉరికినంక దాని కంటికి నువ్వు నర్సమ్మవు కాదు, పారిపోయే జీవానివి. ఉరికేది ఏదైనా సరే, అది పడతది. నిలబడ్డదాన్ని ఏం చెయ్యాల్నో దానికి జల్దీ తెల్వది."

ఆ తర్వాత రోజూ కొంత కొంత చెప్పాడు. పాఠం చెప్పినట్టు కాదు, చుట్ట కాలుస్తూ గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు. గూడేనికి వచ్చేటప్పుడు దూరం నుంచే కేకేసి రావాలన్నాడు, కుక్క కంటే ముందు మనుషులకు తెలియాలి. ఇంటి ముందు నుంచే రావాలి. మేకలకు, కుక్కకు మధ్యలోకి పోకూడదు, పిల్లల తల్లి కుక్క దగ్గరికి, తిండి తినే కుక్క దగ్గరికి పోకూడదు. గొడుగు పైకి ఎత్తకూడదు, కొన నేలకు ఆనించి అడ్డంగా పట్టుకోవాలి. కుక్క మీదికి వస్తే సంచి ముందు పెట్టాలి, పట్టుకుంటే సంచిని పట్టుకోనివ్వాలి, గుంజుకోకూడదు. వెనక్కి పోవాలంటే వీపు చూపించకుండా పక్కగా ఒక్కో అడుగు వేయాలి. మాట్లాడితే మెల్లగా మాట్లాడాలి, లేదా ఊరుకోవాలి.

"పడిపోతే?" అన్నాను.

ఆయన చుట్ట పక్కన పెట్టి, అరుగు మీద మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, మెడ వెనక రెండు చేతులు కట్టి, మోచేతులతో చెవులు, మొహం దాచుకుని చూపించాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, ముడుచుకుని పడుకుని, "గిట్ల మెదలకుండా పండాలె. కాళ్ళు చేతులు ఆడియ్యొద్దు," అని లోపలి నుంచే చెప్పాడు. బాట మీద పోతున్న ఆడవాళ్ళు నిలబడి చూశారు. కుక్క కూడా చూసింది.

ఏడో రోజున ఆయన రాలేదు.

చీకటి పడేదాకా అరుగు మీదే కూర్చున్నాను. బాబాయ్ గారు రెండుసార్లు వచ్చి బాట వైపు చూసి పోయారు. మర్నాడు బస్సులో కాంపౌండరు గారికి ఏం చెప్పాలా అనుకుంటూ పోయాను. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి ముసలాయన నా కోసం కాచుకుని ఉన్నాడు, కుక్క స్తంభానికి కట్టి ఉంది. నేను బస్సు దిగిన ఊపులోనే అడిగాను.

"కుక్కకేమైంది తాతా? అన్నం తింటున్నదా?"

"కుక్క మంచిగనే ఉన్నది. కోడలుకే నిన్న చలిజరం వచ్చింది. ఇడిచిపెట్టి రాలేకపోయిన."

నేను లోపలికి పోయి మాత్రలు తెచ్చి, ఎన్ని ఎప్పుడెప్పుడు వేయాలో చెప్పి ఇచ్చాను. ఏడో నెల దాటిన మనిషికి చలిజ్వరం వస్తే నేను ఆ గంటలోనే బయలుదేరి ఉండాలి. కాలు బాగాలేదని నాకు నేను చెప్పుకున్నాను. కాలు అప్పటికి చాలావరకు మానింది. ఆమె ఎట్లా ఉందని కూడా, ఆయన చెప్పాక గానీ నేను అడగలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళ తర్వాత కూడా గుర్తొస్తే బాగుండదు.

పదో రోజున కుక్క ఆకు నాకి, చిప్ప ఖాళీ చేసి, అరుగు కింద పడుకుంది. డాక్టరు గారు సూదులు ఆపేశారు. నాలుగు మిగిలాయి. బాబాయ్ గారు ఆ కుక్కకు ఒక బెల్లం ముక్క విసిరారు. అది వాసన చూసి వదిలేసింది.

అక్కడితో కథ అయిపోవాల్సింది. కానీ నేను ఆ గూడేనికి పోలేదు. ఆ వారం వేరే గూడెంలో పని ఉందనుకున్నాను. తర్వాతి వారం వాగు దగ్గర బురద అనుకున్నాను. నెలాఖరుకు పర్యటన డైరీ పంపాలి. ఎక్కడెక్కడికి పోయానో, ఎవరిని చూశానో అందులో రాయాలి. ఆ గూడెం వరుసలో, ఆ ఇంటి ఎదురుగా, "ఇల్లు తాళం" అని రాశాను. ఆ ఇంటికి తాళం లేదు. తలుపు కూడా లేదు, తడిక ఉండేది. రాసిన మాట ఎవరూ ప్రశ్నించలేదు.

రెండు రోజుల తర్వాత ముసలాయన వచ్చాడు. ఈసారి కుక్క లేదు.

"కోడలుకు రెండో సూది ఎప్పుడేస్తవ్ నర్సమ్మా?"

బిడ్డా అనలేదు. నాకు తెలిసింది.

"ఆమెను ఇక్కడికి తోలుకరా తాతా. నేను ఇక్కడే ఉంట."

"ఎనిమిదో నెల నడుస్తున్నది. బండెక్కితే కుదుపులకు నొప్పులు వస్తయని భయపడుతున్నది. మూడు మైళ్ళు ఎట్ల నడుస్తది?"

"అయితే కుక్కను కట్టేసి ఉంచు," అన్నాను.

"కట్టేస్త. దానికేముంది. రేపు ఇంకో గూడెంల ఇంకో కుక్క ఉంటది. దాన్ని ఎవరు కట్టెయ్యాలె?"

ఆయన కోపంగా అనలేదు. నిజంగా ఎవరు కట్టేయాలో తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. నేను లేచి బీరువాలోంచి సిరంజి డబ్బా తీసి సంచిలో పెట్టాను.

"కట్టెయ్యకు," అన్నాను. "రేపు వస్తున్న. కానీ నువ్వు ఇంటి కాడ ఉండు."

"ఉంట."

మర్నాడు బండ్ల బాటనే పోయాను. ఇళ్ళు కనబడగానే "నర్సమ్మను వస్తున్న" అని కేకేశాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. చివరి ఇంటి ముందు ముసలాయన కూర్చుని వెదురు చీలుస్తున్నాడు, బుట్ట అల్లడానికి. తల ఎత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు. కుక్క మంచం కింద నుంచి లేచింది.

ఈసారి అరిచింది. అరుస్తూ బాట మధ్యకు వచ్చింది. నేను ఆగిపోయాను. పక్కకు తిరిగాను. సంచి తొడల ముందుకు జరుపుకున్నాను, గొడుగు కొన నేలకు ఆనించాను. మన్ను చూశాను. అక్కడ ఒక చీమల బారు పోతోంది. ఆ చీమలనే చూస్తూ నిలబడ్డాను. కుక్క దగ్గరికి వచ్చింది. దాని ఊపిరి వినబడేంత దగ్గర. నా కాళ్ళు పరుగెత్తమంటున్నాయి. ఏదో ఒకటి మాట్లాడాలని, మెల్లగా, "సూది వెయ్యనీకి వచ్చిన, నీకు కాదు," అన్నాను. ఎందుకు అన్నానో తెలియదు.

అది సంచి వాసన చూసింది. చీర అంచు చూసింది. నా వెనక్కి చుట్టి వచ్చి ఎడమ పిక్క దగ్గర ముక్కు పెట్టింది, తడిగా తగిలింది. కళ్ళ చివర్లోంచి ముసలాయన కనబడుతున్నాడు. వెదురు ఒళ్ళోనే ఉంది, చేతిలో కత్తి కదలడం లేదు. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. ఆయన తర్వాత చెప్పిందాన్ని బట్టి చుట్ట వెలిగించేంత సేపు కూడా కాదట. కుక్క ఒకసారి ఒళ్ళు దులుపుకుని, దొడ్డి వైపు నడిచిపోయింది. ఆయన చేతిలో కత్తి మళ్ళీ కదిలింది.

"రా బిడ్డా," అన్నాడు.

కోడలికి సూది వేశాను. ఆ జ్వరం మూడు రోజుల్లో తగ్గిందని, కడుపులో బిడ్డ బాగా తిరుగుతోందని చెప్పింది. ఆమె చెయ్యి పట్టుకుని, "ముందే రావల్సింది, భయపడి రాలే," అన్నాను. "నాకు ఎరికే అక్కా," అన్నది. ఇంతకు మించి మా మధ్య ఆ మాట మళ్ళీ రాలేదు. నెల తర్వాత, ఇప్పపూల వాసన గూడెమంతా నిండిన రోజుల్లో, ఆమె పురుడు నేనే పోశాను. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

ఆ కుక్కతో నాకు స్నేహం కుదిరిందని చెప్పలేను. నేను ఆ గూడెం పోయినప్పుడల్లా అది లేచి వచ్చేది, నేను ఆగేదాన్ని, వాసన చూసి పోయేది. తోక ఒక్కసారి కూడా ఊపలేదు. నాలుగేళ్ళ తర్వాత ముసలితనంతో పోయింది.

ముసలాయన చెప్పిన పద్ధతి ప్రతిసారీ పనిచేసిందనీ చెప్పలేను. తర్వాత కొత్తగూడెం బదిలీ అయ్యాక, గని కార్మికుల క్వార్టర్ల మధ్య సందులో ఒకసారి ఐదారు కుక్కలు చుట్టుముట్టాయి. ఒకటి ఆగితే ఇంకొకటి వెనక నుంచి వచ్చేది. గోడకు వీపు ఆనించి, సంచి వాటికే వదిలేసి, ఎవరో తలుపు తీసేదాకా నిలబడ్డాను. టీకాల కార్డులన్నీ చింపేశాయి. నన్ను ముట్టలేదు. ఇంకోసారి ఒక పల్లెలో చెయ్యి గీరుకుపోయింది, మళ్ళీ సూదులు పడ్డాయి. కానీ ఒక్కసారి కూడా పరుగెత్తలేదు.

అడవి వైపు ఉన్నన్నాళ్ళూ, టీకాల రోజున తల్లులు గుమిగూడినప్పుడు పాలు, పోషణ, శుభ్రత గురించి చెప్పాక కుక్కల గురించి కూడా చెప్పేదాన్ని. పై నుంచి వచ్చిన కాగితాల్లో అది లేదు. ఎట్లా నిలబడాలో లేచి నిలబడి చూపించేదాన్ని. కరిస్తే సున్నం కాదు, సబ్బు. కరిచిన కుక్కను చంపొద్దు, జాగ్రత్తగా కట్టేసి పది రోజులు చూడండి. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను ముడుచుకుని పడుకుని చూపిస్తే పిల్లలు కూడా పక్కన పడుకునేవాళ్ళు.

బదిలీకి ముందటి ఎండాకాలం, రెండో గూడెం నుంచి ఒక నడివయసు ఆమె కొడుకుతో కలిసి వచ్చింది. వాళ్ళ ఇంటి కుక్కే చేతి మీద కరిచింది. ఎప్పుడూ ఎవరినీ కరవని కుక్క. ఇంట్లో నీళ్ళ కుండ దగ్గరే చెయ్యి సబ్బుతో కడుక్కుని వచ్చింది, ఇంకా సబ్బు వాసన వస్తోంది. కుక్కను ఏం చేశారని అడిగాను.

"నా కొడుకు గొడ్డలి తీసిండు. నేను వద్దన్న. నువ్వు చెప్పినవ్ గద. దూరం కెల్లే తాడు వేసి చెట్టుకు కట్టిండ్రు."

ఆ రోజే సూదులు మొదలయ్యాయి. మూడో రోజున కుక్క నీళ్ళు ముట్టలేదు. నాలుగో రోజు పొద్దున చచ్చిపోయింది. దాని దగ్గరికి ఎవరినీ పోనివ్వకుండా, ముట్టుకోకుండా లోతుగా పూడ్చారు. కొడుకే వచ్చి ఆ సంగతి చెప్పాడు. కొట్టి చంపి ఉంటే అది పిచ్చిదని ఎవరికీ తెలిసేది కాదు. నాలుగు సూదులయ్యాక పొట్ట నొప్పి భరించలేక ఆమె మానేసేది. చాలామంది మానేసేవాళ్ళు.

ఆమె మానలేదు. మిగతా పది రోజులూ కొడుకు సైకిల్ వెనక కూర్చుని దవాఖానకు పోయింది. రోజూ తిరుగు దారిలో నా గది ముందు దిగి మంచినీళ్ళు తాగేది. పద్నాలుగో సూది వేయించుకున్న రోజు లోపలికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, పైట తప్పించి పొట్ట చూపించింది. బొడ్డు చుట్టూ గడ్డలు, కొన్ని నీలంగా, కొన్ని పసుపుగా.

"నీకు గూడ గిట్లనే అయినయా?" అని అడిగింది.

"గిట్లనే. కానీ నాకు పదే."

"నీ కుక్క మంచిది," అన్నది ఆమె, పైట సర్దుకుంటూ. తర్వాత కొడుకును పిలిచి, సైకిల్ ఎక్కి వెళ్ళిపోయింది. ఆ ఏడాది చివర్లో సంతలో కనబడింది, బతికి, ఆరోగ్యంగా, తల మీద చింతపండు గంపతో.